ఆ పున్నమి నాడు నాకు వినపడని సైరన్

కంటికి కనిపించకుండా మనిషిని చంపేది ఈ లోకంలో కరెంటు ఒక్కటే అని నమ్మి బతికినవాణ్ణి నేను. ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నవ్వి ఊరుకునే రకాన్ని కూడా కాదు, కూర్చోబెట్టి వాదన పెట్టుకునేవాణ్ణి. గోదావరిఖని దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. అమావాస్య చీకట్లో స్తంభాలెక్కాను, శ్మశానం పక్కన కేబుల్ కోసం గోతులు తవ్వించాను. ఒక్కసారి కూడా ఏదీ వచ్చి నా భుజం తట్టలేదు.

ఇప్పుడు రాస్తున్నదాన్ని నమ్మమని ఎవర్నీ అడగను. ఇన్నేళ్ళయినా నేనే పూర్తిగా నమ్మలేకుండా ఉన్నాను.

తెలంగాణ రాకముందు మాట. ఉద్యమం ఊపు మీద ఉంది, ఊళ్ళో ఎవర్ని కదిపినా అదే ముచ్చట. ఆ ఏడాది డిసెంబరులో అన్నిటికంటే పెద్ద రాత్రి, నిండు పున్నమి ఒకే రోజు పడ్డాయి. చంద్రుడు మామూలు కంటే ఎక్కువ వెలుగుతాడని టీవీలో కూడా చెప్పారు. నాకు అందులో పెద్ద వింతేమీ కనిపించలేదు. డ్యూటీ ఎట్లాగూ డ్యూటీయే.

మాది గనికి ఆనుకుని ఉన్న పల్లె. పేరు రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, పెళ్ళికో చావుకో నేనూ అక్కడికే పోతాను.

ముందు మా ఊళ్ళో సైరన్ అంటే ఏమిటో చెప్పాలి. గనిలో బ్లాస్టింగ్ చేసే ముందు సైరన్ మోగిస్తారు. అది మోగితే మావాళ్ళు ఇళ్ళలోంచి బయటికి ఉరుకుతారు. పాత మట్టిగోడల ఇళ్ళు, పేలుడుకు అదురుతాయి. అందుకని పొయ్యి మీద కూర మాడినా సరే, ముందు పిల్లల్ని, తరువాత ముసలివాళ్ళని లాక్కుని బడి ముందున్న మైదానంలోకి వచ్చి నిలబడతారు. బర్రెలకు కూడా అది తెలిసిపోయింది. సైరన్ వినగానే పలుపులు తెంపుకునేటట్టు గుంజుతాయి.

ఇక కుక్కలైతే మోర ఎత్తి సైరన్‌తో పాటు ఏడుస్తాయి. అది పైకి లేస్తే ఇవీ లేస్తాయి, అది కిందికి దిగితే ఇవీ దిగుతాయి. మామూలుగా అరిచే అరుపు వేరు, సైరన్ అరుపు వేరు. మా ఊళ్ళో పుట్టిన ఎవరికైనా ఆ తేడా తెలుసు.

ఆ సైరన్ బాగోగులు చూసేది మా సెక్షనే. ఆ పున్నమి రోజు పొద్దున దాన్ని కిందికి దించింది కూడా నేనే. బేరింగు పట్టేసింది. బ్లాస్టింగ్ లేని రోజు చూసి దించాం. మోటారు విప్పి, రోటార్ ఒక పక్కన, కాయిల్ ఒక పక్కన వర్క్‌షాపు బల్ల మీద పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఇక మా మామ గురించి. ఓదెలు, మా అమ్మకు తమ్ముడు. గని సర్వే సెక్షన్‌లో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అంటే భూమి కొలిచేటప్పుడు గొలుసు, టేపు పట్టుకుని అటూ ఇటూ నడిచే పని. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు, మా ఇంటి వెనక గదిలో ఉండేవాడు. మంచివాడే కానీ మహా మొండి. ఒకరిని అడిగి చేసే అలవాటు ఆయనకు పుట్టుకతోనే లేదు.

సర్వేవాళ్ళు గోడ పగిలిన చోట ఒక పని చేస్తారు. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ అతికిస్తారు, పక్కన ఎర్ర రంగుతో గుర్తు పెడతారు. గోడ ఏమాత్రం కదిలినా ఆ గాజు పటుక్కున విరుగుతుంది. గాజు నిలిచి ఉందంటే గోడా నిలిచి ఉన్నట్టే. మామకు రిటైరయ్యాక అదే పిచ్చి పట్టుకుంది. పాత కిటికీ అద్దాలు కోసి పట్టీలు చేసేవాడు. సిమెంటు లేకపోతే సున్నంతో అతికించేవాడు. మా ఇంటి గోడలన్నిటికీ అతికించాక ఊరి మీద పడ్డాడు.

మా వెనక వీధిలో మల్లేష్ ఇల్లు. మట్టి లారీ నడిపేవాడు. వాడికి ఒక్కతే బిడ్డ, అప్పుడప్పుడే బడికి పోతోంది. వాళ్ళ వెనక గోడకు నిలువునా పగులు ఉంది. దానికి గాజు పట్టీ పెడతానని మామ అడిగాడట. జీవితంలో ఒక్కసారి అడిగి చేద్దామనుకుంటే మల్లేష్ తల్లి తిట్టి పంపింది, ఇంటి గోడకు అద్దం ముక్కలేందని. ఇంకొకడైతే ఊరుకుంటాడు. మామ ఎవరూ లేని వేళ చూసి ఇంటి వెనక నుంచి, గడ్డి మోపుల చాటున అతికించి వచ్చాడు.

కొన్నాళ్ళకు ఆ పిల్లకు జ్వరం తగిలింది, ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో మందులిచ్చారు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. అదే వారంలో మల్లేష్ గడ్డి మోపు తీస్తుంటే గోడకు సున్నం, ఎర్ర రంగు, విరిగిన అద్దం కనిపించాయి. పిల్ల పడుకునే మంచం సరిగ్గా ఆ గోడ అవతలే ఉంది. ఇక చెప్పేదేముంది, బాణామతి అన్నారు, మామ మీదే అనుమానం పడ్డారు.

ఎక్కడి నుంచో ఒక మంత్రగాణ్ణి పిలిపించారు. వాడు ఆ అద్దాన్ని ముట్టుకోవద్దన్నాడట. పెద్ద రాత్రి, పున్నమి కలిసిన నాడు దాన్ని పెట్టినవాడే చూసుకోవడానికి వస్తాడు, అప్పుడు పట్టుకోండి అని చెప్పి పోయాడు. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ముందే తెలిస్తే మామను ఆ రోజు గదిలో పెట్టి గొళ్ళెం వేసేవాణ్ణి.

మామ ఆ పున్నమి కోసం ఎదురుచూశాడు, కాకపోతే తన కారణం తనది. టార్చి వేస్తే ఒక్క చోటే కనిపిస్తుందట, మంచి వెన్నెలలో అయితే గోడ పగులు మొత్తం తేటగా కనిపిస్తుందట, గాజు విరిగిందో లేదో దూరం నుంచే మెరుపును బట్టి తెలిసిపోతుందట. పొద్దున నేను డ్యూటీకి పోతుంటే గుమ్మంలో కూర్చుని చెప్పాడు.

"ఇయ్యాల చూడు అల్లుడా, ఎండకాలం పొద్దు పొడిచే మూలకే పొడుస్తడు చందమామ. పగటి లెక్క ఉంటది."

సరేలే అని బండి తీశాను. ఆయన నాతో తేటగా మాట్లాడిన ఆఖరి మాట అది, దానికి నేనన్నది ఊరికే సరేలే.

సైరన్ పని ఆలస్యమై, బయలుదేరేసరికి చీకటి పడింది. చీకటి అని అలవాటుగా రాశాను కానీ చీకటి ఎక్కడా లేదు. గని మట్టి పోసిన గుట్ట మీదుగా చంద్రుడు లేచి ఉన్నాడు. రోడ్డు మీద బొగ్గుపొడి కూడా తెల్లగా కనిపిస్తోంది. ఊళ్ళో కరెంటు పోయింది. స్కూటర్ లైటు లేకుండా కూడా నడపగలిగేటంత వెలుతురు.

ఊరి మొదట్లోనే గోల వినిపించింది. ఏదో మీటింగు అనుకున్నాను, ఉద్యమం రోజులు కదా. వీధి మలుపు తిరిగాక చూస్తే మా మామను కరెంటు స్తంభానికి కట్టేసి ఉంచారు.

గాజు చూడబోతే గోడ దగ్గరే పట్టుకున్నారట, బర్రె పలుపుతో కట్టారు. అంగీ లేదు. కట్టెలతో కొట్టారు, చెప్పులతో కొట్టారు, ఒకడు బండి గొలుసుతో కొట్టాడు. ఆడవాళ్ళు కూడా వచ్చి కొట్టి పోతున్నారు. ఆ వెన్నెల లేకపోతే ఆ మొహాలు నేను చూసేవాణ్ణి కాదు. అందరూ నాకు తెలిసినవాళ్ళు. కొందరి ఇళ్ళకు వైరింగు నేనే చేశాను. వాళ్ళకు నేనూ స్పష్టంగానే కనిపిస్తున్నాను, అయినా ఎవరూ మొహం దాచుకోలేదు. అంత వెలుతురులో, అంత నిబ్బరంగా మనిషిని కొట్టగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

నేను స్కూటర్ పడేసి మధ్యలోకి దూరాను. ఇద్దరు నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఎవడో నా డ్యూటీ సంచి లాగేశాడు. సంచిలోని సామాన్లు కింద పోసి, అందులోంచి తీగలు కోసే నా కటింగ్ ప్లేయర్ ఏరి మల్లేష్ చేతికిచ్చారు.

మా దగ్గర ఇదొక పాడు నమ్మకం. మంత్రం వేసేవాడి ముందరి పళ్ళు పీకేస్తే నోరు తిరగదు, మంత్రం పనిచేయదు అంటారు. విన్నాను గానీ ఎక్కడో పూర్వం సంగతి అనుకున్నాను.

మల్లేష్ ఏడుస్తున్నాడు. ఆ మాట కూడా రాయాలి. బిడ్డ మూర్ఛ పోయి నురుగు కక్కుతుంటే చూసినవాడు. వాడు మామ దవడ పట్టుకుని అడిగాడు.

"చెప్పు కాకా, నా బిడ్డకు ఏం పెట్టినవ్? తీసెయ్, నీ కాళ్ళు మొక్కుత."

"గోడ కదుల్తంది రా," అన్నాడు మామ. "కూల్తది. పొల్లను ఆడ పండుకోబెట్టకు."

ఆయన చెప్పింది గోడ సంగతి. వాళ్ళకు వినపడింది శాపం. కూల్తదంట, ఇల్లు కూల్తదంట అని ఒకరి నుంచి ఒకరికి పాకింది. నేను అరిచాను, అది సర్వేవాళ్ళు పెట్టే గాజురా, బాణామతి కాదురా అని. మల్లేష్ నా వైపు కూడా చూడలేదు. మామ తలను స్తంభానికి అదిమి పట్టారు.

మొదటి పన్ను వెంటనే రాలేదు. విరిగింది. మిగిలిన ముక్కను మళ్ళీ పట్టి లాగారు. ఆ చప్పుడు గురించి రాయలేను. ప్లేయర్ రక్తానికి జారుతుంటే మల్లేష్ దాన్ని లుంగీకి తుడుచుకుని మళ్ళీ పట్టాడు. పై వరుస అయ్యాక కింది వరుస మొదలుపెట్టారు. మామ గొంతు చించుకుని అరుస్తున్నాడు, అరుపులో మాటలు లేవు. నేను మొక్కాను, బూతులు తిట్టాను, ఒకడి చేతిని కరిచాను. వాడు నా పొట్టలో గుద్దాడు.

తరువాత ఎవరో కిరసనాయిలు డబ్బా తెచ్చారు.

మల్లేష్ ప్లేయర్ పారేసి డబ్బా తీసుకున్నాడు. మూత తిప్పుతున్నాడు. మా మామ అయిపోయాడని నాకు తెలిసిపోయింది. ఇంకొక్క నిమిషంలో నా కళ్ళ ముందు కాలిపోతాడు, నేను చూస్తూ ఉండాలి. ఆ భయం నా ఒంట్లోంచి ఇంకా పూర్తిగా పోలేదు.

అప్పుడు మల్లేష్ చెయ్యి ఆగింది. తల పైకెత్తాడు. వాడొక్కడే కాదు, గుంపు మొత్తం గని వైపు తల తిప్పింది. నన్ను పట్టుకున్నవాళ్ళ పట్టు సడలింది. మరుక్షణం అందరూ పరుగు. ఒకరినొకరు తోసుకుంటూ, ఇళ్ళ వైపు. మల్లేష్ చేతిలోంచి డబ్బా కింద పడింది, నూనె ఒలికింది. వాడు కూతురి పేరు పెట్టి పిలుస్తూ ఉరికాడు.

పోలీసులొచ్చారేమోనని చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు.

పక్క కొట్టంలో బర్రెలు పలుపులు గుంజుతున్నాయి. గుంజలు కిర్రుమంటున్నాయి. ఆ తరువాత కుక్కలు ఎత్తుకున్నాయి. ఊళ్ళోని కుక్కలన్నీ మోరలెత్తి, మెల్లగా పైకి లేస్తూ, అక్కడే నిలిచి, మెల్లగా కిందికి దిగుతూ. మళ్ళీ లేస్తూ, మళ్ళీ దిగుతూ. అది సైరన్ అరుపు. దానికి నేను ప్రమాణం చేస్తాను.

నాకు కుక్కలు వినిపించాయి, బర్రెలు వినిపించాయి, జనం కాళ్ళ చప్పుడు వినిపించింది. సైరన్ మాత్రం వినిపించలేదు.

నిలబడి ఆలోచించే వేళ కాదు. కింద పోసిన నా సామాన్లలోంచి కత్తి ఏరి పలుపు కోశాను. మామ నా మీద పడ్డాడు. స్కూటర్ మీద కూర్చోబెడితే కూర్చోలేక పక్కకు ఒరుగుతున్నాడు. అదే పలుపుతో ఆయన్ని నా నడుముకు కట్టుకుని బండి తీశాను. నా వీపు మొత్తం వెచ్చగా తడిసిపోయింది.

దవాఖానకు దారి మైదానం పక్క నుంచే. ఊరంతా అక్కడే ఉంది. ఇప్పటిదాకా కొట్టినవాళ్ళే. చంకల్లో పిల్లలు, దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్ళు. అందరూ గని వైపు మొహం పెట్టి, చెవులు మూసుకుని, పేలుడు కోసం చూస్తున్నారు. ఆ వెన్నెలలో ఒక్కొక్కరి మొహం కనిపిస్తోంది. మల్లేష్ బిడ్డను గుండెకు అదుముకుని ఉన్నాడు, వాడి లుంగీ మీద నెత్తురు మరకలు. మేము వాళ్ళ ముందు నుంచే పోయాం. ఒక్కరు కూడా మా వైపు తల తిప్పలేదు.

నా పెళ్ళాం సరోజ కూడా ఆ గుంపులోనే, మా ఇద్దరు పిల్లల్ని పట్టుకుని నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఆమె పుట్టింటి నుంచి అప్పుడే వచ్చి ఇంట్లో వంట చేసుకుంటోంది. స్తంభం ఊరి మొదట్లో, మా ఇల్లు చివర, అక్కడి గొడవ ఆమెకు తెలియదు. సైరన్ వినపడింది, పిల్లల్ని లాక్కుని బయటికి వచ్చింది, అంతే.

పేలుడు రాలేదు. చాలాసేపు చూసి, చలికి తట్టుకోలేక ఎవరిళ్ళకు వాళ్ళు పోయారట.

మామ బతికాడు. ఎడమ చెవి గూబ పగిలింది, పక్కటెముకలు విరిగాయి. నోరు చూసి డాక్టరమ్మ బయటికి వెళ్ళి నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చింది.

కేసు అయింది. ఊరంతా ఒకటే మాట, సైరన్ మోగింది, మేమంతా మైదానంలో ఉన్నాం, ఓదెలును ఎవరు కొట్టారో తెలియదు అని. ఎస్సై నవ్వాడు. ఆ రోజు సైరన్ విప్పి ఉందని నా సంతకంతోనే ఆయనకు కాగితం అందింది. వీళ్ళంతా కూడబలుక్కుని అల్లిన అబద్ధం అన్నాడు. నేనూ అదే రాసిచ్చాను, సైరన్ మోగలేదని. మోగే వీలు లేదు కాబట్టి. మల్లేష్‌తో పాటు కొందరు జైలుకు పోయి వచ్చారు.

కానీ అది అబద్ధమైతే వాళ్ళు మామను ఎందుకు వదిలి పరుగెత్తినట్టు? చేతిలో డబ్బా, ఎదురుగా మనిషి, ఆపేవాడు లేడు. సరోజకు అబద్ధం ఆడాల్సిన పనేముంది? ఆమెను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు.

"చెవులు పగిలేటట్టు మోగితే వినపడలే అంటవేంది," అని ఇప్పటికీ నన్నే కసురుకుంటుంది.

మర్నాడు పొద్దున మొదట పోయింది వర్క్‌షాపుకే. తాళం వేసినట్టే ఉంది. రోటార్ ఒక పక్కన, కాయిల్ ఒక పక్కన, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్క గని సైరన్ అయ్యుంటుందా అని అక్కడివాళ్ళనూ అడిగాను. ఆ సాయంత్రం ఎక్కడా ఏ సైరనూ మోగలేదు. మోటారు విప్పింది నేనే కాబట్టి మోగినా నా మనసు ఒప్పుకోలేదేమో, అందుకే వినపడలేదేమో అని కూడా అనుకున్నాను. అట్లా అనుకుంటే మోగిందని ఒప్పుకున్నట్టే కదా.

మల్లేష్ వెనక గోడ కూలలేదు. ఇప్పటికీ పగులుతోనే నిలబడి ఉంది. ఆ పిల్లకు పెద్ద దవాఖానలో చూపించి మాత్రలు వాడారు, మంచిగైంది, ఆమె ఇప్పుడు కాలేజీ చదువు కూడా పూర్తి చేసింది. ఊళ్ళో కనిపిస్తే నన్ను మామయ్యా అని పలకరిస్తుంది. పలుకుతాను. ఆ పిల్ల తప్పేముంది.

మామ మరికొన్నేళ్ళు బతికి, తెలంగాణ వచ్చిన ఏడాది చలికాలంలో పోయాడు. ఉన్నన్నాళ్ళూ జావ, మెత్తగా పిసికిన అన్నం. మాట ముద్దగా వచ్చేది, మా ఇంట్లో వాళ్ళకు తప్ప అర్థమయ్యేది కాదు. గోడల జోలికి మళ్ళీ పోలేదు. ఎవరిమీదా కోపం చూపించలేదు. నాకది ఇంకా కోపం తెప్పించేది.

ఒక్కసారే అడిగాను, మామా, ఆ నాడు నీకు సైరన్ వినపడిందా అని. పెదాలు కూడదీసుకుని ఒక్కొక్క మాటే చెప్పాడు.

"నేను నొప్పికి ఒర్రుతుంటి గదా అల్లుడా. నాకేం వినపడ్తది."

ఆ సైరన్ ఏమిటో, ఎవరు మోగించారో నాకు తెలియదు. దేవుడి దయ అని సరోజ ప్రతి పున్నమికీ దీపం పెడుతుంది, ఓదెలు మామను కాపాడిందని. నేను ఆ దీపానికి దండం పెట్టలేదు. దండం పెట్టమని పోరితే లేచి బయటికి పోతాను. మోగించగలిగినవాళ్ళు ఎవరో అక్కడ ఉన్నారు కదా, అంతా చూస్తూనే ఉన్నారు కదా. మొదటి పన్నుకు ముందే మోగిస్తే వాళ్ళ సొమ్మేం పోయేది?